అలిగినంతసేపు

మూడో వీధి దినచర్య. రాస్తున్నది వకుళ.

దుమ్ము లేచిన రోజు

గాలి బాగుంది. నీళ్ళు బాగున్నాయి. మూడో వీధిలో అందరూ ఉన్నారు.

దినచర్యలో ఇంతకు మించి రాయనక్కర్లేదని సభ నియమం. ఈ మూడు ముక్కలు రాయడానికి, జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పిన మనిషి ఎందుకయ్యా అని అడిగాను. "అయితే ఇంకాస్త రాయండి టీచరుగారూ, ఎలాగూ చదివేవాళ్ళు లేరు" అన్నాడు సమతౌల్యం. సభకి పెద్ద అతను. పేరు నిజంగా అదే. ఈ ఊరు కట్టినవాళ్ళు పిల్లలకి దేవుళ్ళ పేర్లు పెట్టకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఒట్టు ఎవరి మీద అని అడిగే తెలివి అప్పుడు ఎవరికీ లేకపోయింది. సైన్సు పుస్తకం ముందు పెట్టుకుని పేర్లు ఏరారు. నా మనవరాలి పేరు రుజువు. అది ఇంట్లో లేనప్పుడు ఎవరైనా వస్తే "రుజువు లేదు" అని చెప్పి పంపించాలి. ఊరి పేరు నిరీశ్వరం. భూమి నుంచి కొత్తగా దిగినవాళ్ళు, ఇక్కడి శివుడు స్వయంభువా అండీ అని అడుగుతారు.

కుజదోషం ఉందని నాకు వచ్చిన మొదటి సంబంధం తప్పిపోయింది. ఇప్పుడు ఆ కుజుడి మీదే కాపురం. పొద్దున లేచి ఆయన్నే చీపురు పెట్టి ఊడుస్తున్నాను. ఎంత ఊడ్చినా ఎర్రదుమ్ము తలుపుల సందుల్లోంచి వస్తూనే ఉంటుంది.

ఈ ఏడు దుమ్ము ముందే లేచింది. బయట సోలార్ పలకలు దుమ్ముతో మూసుకుపోతాయి. పలక మూసుకుపోతే దీపం లేదు, దీపం లేకపోతే తోట లేదు, తోట లేకపోతే తిండీ గాలీ లేవు. అందుకని పడుచువాళ్ళు వంతులేసుకుని బయటికెళ్ళి తుడుస్తారు. ఒక్కరే వెళ్ళరు. అంటే వెళ్ళేది ఒక్కరే, లోపల, గాలి పోకుండా పెట్టిన జంట తలుపు దగ్గర కిటికీలోంచి చూస్తూ, రేడియో పట్టుకుని ఇంకొకరు కూర్చోవాలి. ఆ కూర్చున్నవాళ్ళని 'తోడు' అంటాం. బయటికెళ్ళేటప్పుడు తొడుక్కునే చొక్కాలో గాలి ఎంతుందో చెప్పడానికి యంత్రాలున్నాయి గానీ, దుమ్ము లేచినప్పుడు అవి నోటికొచ్చిన అంకెలు చెబుతాయి. కాబట్టి తోడు ఉన్నవాళ్ళు ఏదో ఒక కథ చెబుతూ ఉండాలి, బయట ఉన్నవాళ్ళు ఊకొడుతూ ఉండాలి. పక్కలో పడుకుని కథ చెప్పించుకునే పిల్లలు ఊకొట్టినట్టే. అక్కడ ఊఁ ఆగితే పిల్లాడు నిద్రపోయాడని దుప్పటి కప్పుతాం. ఇక్కడ అలారం కొడతాం.

ఈ పద్ధతి పెట్టింది ఎస్తేరు. నాతో పాటు ఒకే ఓడలో వచ్చింది. తోట ఆమెది. ఆమె కొడుకు పాదరసం, నా రుజువు ఒకే బడిలో చదివారు, ఇప్పుడు ఒకే వంతులో పని చేస్తున్నారు. ఇద్దరూ పొద్దున్నించి పోట్లాడుకుంటారు. ఎందుకని అడిగితే ఇద్దరికీ గుర్తుండదు.

పాదరసం పోయిన రోజు

గాలి బాగుంది. నీళ్ళు బాగున్నాయి. మూడో వీధిలో ఒకరు తక్కువయ్యారు.

మూడో వరస పలకల దగ్గర పడి ఉన్నాడు. మెడ దగ్గర గాలి గొట్టం చీలింది. తోడు ఉన్నది రుజువు.

లోపలికి మోసుకొచ్చేసరికే ఏమీ లేదు. ఎస్తేరు వచ్చి వాడి హెల్మెట్ తానే ఊడదీసింది. జుట్టులో దుమ్ము దులిపింది. ఏడవలేదు. వాడి చొక్కా మడతపెట్టి, ఎవరికి ఇవ్వాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని నిలబడింది.

ఇంతకంటే ఈరోజు రాయలేను.

సభ జరిగిన రోజు

సమతౌల్యం మంచివాడు. గొంతు సవరించుకుని చదివాడు: "గాలి గొట్టం మెడ దగ్గర చీలింది. దుమ్ము కారణంగా రేడియో సంభాషణకి అంతరాయం కలిగింది. ఇందులో వ్యక్తుల లోపం లేదు. గొట్టాలన్నీ మార్చాలి."

రుజువు లేచి నిలబడింది. "అంతరాయం కలగలేదు. నేనే రేడియో కట్టేశాను."

"ఎందుకమ్మా?"

"అలిగాను."



"నా కథలకి ఊకొట్టే కంటే దుమ్ము తినడం నయం అన్నాడు. అయితే తిను, నీతో మాట్లాడను పో అని కట్టేసి అటు తిరిగి కూర్చున్నాను. ఎప్పుడూ కిటికీ దగ్గరికి వచ్చి తట్టి బతిమాలేవాడు. ఆరోజు కూడా తడతాడనుకున్నాను. ఇటు తిరిగేసరికి పడి ఉన్నాడు."

సమతౌల్యం కాగితం వైపు చూశాడు, మమ్మల్ని చూశాడు. "అలక అని రాయడానికి ఇందులో చోటు లేదమ్మా. అలసట అని రాద్దాం. అలసటకి ఉంది."

"నేను అలిసిపోలేదు."

"వెంటనే అలారం కొట్టి ఉంటే బతికేవాడా అంటే, డాక్టరు కూడా చెప్పలేనంటున్నాడు. తెలియని దాన్ని నీ నెత్తిన వేసుకోకు. ఎవరూ నిన్ను తప్పుపట్టడం లేదు. కూర్చోమ్మా."

ఎస్తేరు వెనక వరసలో ఉంది. లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆమె చెప్పుల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

ఊరు కట్టినప్పుడు మేం రాసుకున్న మొదటి నియమం, ఇక్కడ శిక్ష ఉండదని. పైనుంచి ఎవరో చూస్తున్నాడు, లెక్క రాస్తున్నాడు, చచ్చాక నూనెలో వేయిస్తాడు అనే భయాన్నంతా భూమి మీద వదిలేసి వచ్చాం. లోపం ఎక్కడుందో వెతకాలి, సరిచెయ్యాలి, అంతే. ఆ నియమానికి చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇవాళ కూడా అది మంచి నియమమే అంటాను. కానీ నా మనవరాలు సభలో నిలబడి తన చేతుల్లో ఉన్నదాన్ని ఎక్కడ పెట్టాలో అడిగింది. మేమంతా కలిసి, నీ చేతుల్లో ఏమీ లేదమ్మా అని చెప్పి ఇంటికి పంపించాం.

నీళ్ళ వంతు రోజు

కుళాయి దగ్గర నా ముందు నిలబడ్డ అమ్మాయితో "పాపం, ఎస్తేరు" అన్నాను. "అంటే ఏంటి టీచరుగారూ?" అంది. ఎస్తేరు అంటే ఏమిటని అడుగుతోందేమో అనుకున్నాను. కాదు, పాపం అంటే ఏమిటని.

అప్పుడు గుర్తొచ్చింది. నేను ఈ ఊళ్ళో బడి మొదలుపెట్టే నాటికే పదకోశంలో కొన్ని మాటలు కొట్టేసి ఉన్నాయి. పుణ్యం, పాపం, ప్రాయశ్చిత్తం, కర్మ, మోక్షం. మతం మాటలు పిల్లల చెవిన పడకూడదని పెద్దల తీర్మానం. పాపానికి బదులు 'లోపం' వాడమన్నారు. మంచి ఉద్దేశమే. తీర్మానాలు చేసేవాళ్ళు తెలుగు వాచకం సరిగ్గా చదివినవాళ్ళు కాకపోవడం ఒక్కటే ఇబ్బంది.

చెడ్డపని చేస్తే పాపం. చేసినవాడు కుమిలిపోతుంటే చూసి, అయ్యో పాపం. రెండింటికీ ఒకటే మాట పెట్టుకున్న భాష ఇది. ఒకదాన్ని ఊడ్చేస్తే రెండోదీ చెత్తలోకి పోయింది. జాలి మిగిలింది గానీ, జాలి పైనుంచి కిందికి చూస్తుంది. పాపం అన్న మాట వచ్చి పక్కన కూర్చుంటుంది.

ఇదంతా కుళాయి దగ్గర చెప్పాను. ఆ పిల్ల ఓపిగ్గా విని, "అయితే రుజువు చేసింది పాపమా, రుజువు పాపమా?" అంది.

రెండూనమ్మా అన్నాను. బిందె నిండి పొర్లిపోయింది. నీళ్ళు వృథా చేసినందుకు వెనకున్నాయన నన్ను కసిరాడు.

దుమ్ము ముదిరిన రోజు

రుజువు రెండు ముద్దలు తిని లేస్తోంది. తన వంతు కాకపోయినా బయటికి వెళ్ళి పలకలు తుడుస్తోంది. అది నాకు బెంగ కాదు, పని చేస్తే మంచిదే. కానీ తోడు ఉన్నవాళ్ళు ఏం చెప్పినా ఊకొట్టడం లేదట. ఊఁ రాక వాళ్ళు హడలిపోయి అలారం కొడితే తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి, "ఏం కాలేదు, పలకలింకా ఉన్నాయి" అంటోందట. ఇప్పుడు దాని వంతుకి తోడు ఉండమంటే జనం తప్పించుకుంటున్నారు. ఒకరోజు నిజంగానే ఊఁ ఆగినా, ఇది మామూలేలే అని ఎవరూ అలారం కొట్టరు. అది కోరుకుంటున్నదీ అదేనేమో అని నా అనుమానం. అనుమానం అని రాశాను గానీ నాకు తెలుసు.

వాళ్ళమ్మ ధ్రువం దగ్గర మంచు గనిలో పని చేస్తోంది. దుమ్ములో బళ్ళు నడవవు. రేడియోలో మాట్లాడి ఏడ్చింది. కాబట్టి ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే.

మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అమ్మమ్మా, ప్రాయశ్చిత్తం అంటే ఏమిటి?"

"ఎక్కడ విన్నావే?"

"నీ పాత నిఘంటువులో చూశాను. అర్థం రాసి ఉంది గానీ, ఎలా చేస్తారో లేదు."

"మా వైపైతే ఒక పంతులుగారు, ఒక నది, కొంచెం దక్షిణ. నది దూరమైతే చెంబుడు నీళ్ళు. మరీ పెద్ద తప్పైతే గుండు."

"అవి చేస్తే పోతుందా?"

"పోయిందనుకునేవాళ్ళు."

"అనుకుంటే చాలా?"

"చాలామందికి చాలేది. ఇంటికొచ్చి సుష్ఠుగా భోంచేసేవాళ్ళు."

అది నవ్వలేదు. ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె తీసింది. "వాళ్ళు అదృష్టవంతులు అమ్మమ్మా. మీరు మాకు దేవుణ్ణి లేకుండా చేశారు సరే. తప్పు చేస్తే వెళ్ళడానికి ఒక చోటైనా ఉంచాల్సింది."

నా వయసులో మనిషికి ప్రతిదానికీ జవాబు సిద్ధంగా ఉంటుంది. అదే ముసలితనంలో ఉన్న రోగం. గుళ్ళో వదిలించుకున్నది నిజంగా వదలదనీ, నష్టపోయినవాడి ఊసే లేకుండా దేవుడితో లెక్క తేల్చుకోవడం పెద్ద మోసమనీ, దీని మీద నేను భూమి మీద ఉపన్యాసాలు ఇచ్చాను. అన్నీ నోటిదాకా వచ్చాయి. వాటిలో ఒక్కటీ ఆ పిల్ల చేత ఒక్క ముద్ద ఎక్కువ తినిపించేది కాదు.

"నష్టం ఎవరికి చేశావో వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. నాకు తెలిసింది అదొక్కటే" అన్నాను.

"పాదరసం దగ్గరికా?"

"వాళ్ళమ్మ దగ్గరికి."

సగం ఒలిచిన కాయ గిన్నెలో పడేసి లేచి వెళ్ళిపోయింది.

తోటకి వెళ్ళిన రోజు

పొద్దున్నే బయల్దేరింది. ఎక్కడికని నేను అడగలేదు. వెనకాలే నడిచాను, పిలవకపోయినా.

మా ఊళ్ళో పోయినవాళ్ళని తోట మట్టిలో కలుపుతాం. పాదరసాన్ని కలిపిన మడి గోంగూరకీ టమాటాకీ మధ్యన ఉంది. ఎస్తేరు దాన్లో ఏమీ వెయ్యలేదు. దాని గట్టు మీదే కూర్చుని మొక్కలకి కర్రలు కడుతోంది.

"ఏం టీచరమ్మా, పిల్లని ఎంటబెట్టుకొచ్చావ్?"

"నేను తేలేదు. అదే వచ్చింది. నేను దాని వెంట వచ్చాను."

"ఈ వయసులో నీకు ఎంటబడే పని ఒకటి." తాడు పళ్ళతో తెంపింది. రుజువు వైపు చూడలేదు. "క్షమించమని అడగటానికొచ్చిందా?"

"కాదత్తా" అంది రుజువు. "అలా అడిగే మొహం లేదు. ఏం చెయ్యమంటావో చెప్పు. ఏదైనా చేస్తాను."

"చావమంటే?"

"చస్తాను."

నేను గోంగూర మడి గట్టు పట్టుకున్నాను. ఎస్తేరు అప్పుడు తలెత్తి చూసింది దాన్ని, మొదటిసారి.

"చస్తే నాకేం ఒరుగుద్దే? ఇంకో మడి తవ్వాల. నడుం పడిపోయి ఉన్నా ఇక్కడ."

పైన దీపాలు ఒకసారి మసకబారి మళ్ళీ వెలిగాయి. దుమ్ము పడుతోంది.

"మా నాన్నని లారీతో గుద్ది చంపాడు ఒకడు, గుంటూరులో" అంది ఎస్తేరు. "మా అమ్మ చర్చికి పోయి, మోకాళ్ళ మీద కూచుని, వాణ్ణి క్షమించేశానని ప్రభువుకి చెప్పుకుని వచ్చింది. అంతా ఆయనే చూసుకుంటాడంది. వాడు మా ఇంటి ముందు నుంచే లారీ తోలుకుంటా పోయేవోడు. మేం తిన్నామో లేదో వాడికి తెలీదు. వాడు నిద్రపోతన్నాడో లేదో మాకు తెలీదు. ఇద్దరి మధ్యనా దేవుడున్నాడు గదా, అడ్డంగా." తాడు ముడి బిగించింది. "దేవుడే గనక ఉంటే నిన్ను ఆయనకి అప్పజెప్పి నా పని నేను చూసుకునేదాన్ని పిల్లా. లేడని మనమే గదా తేల్చుకుంది? అందుకని నువ్వొచ్చి నా నెత్తిన పడ్డావ్. నేను నీ నెత్తిన పడ్డా."

"అత్తా..."

"నేను క్షమించను. క్షమిస్తే నా కొడుకు క్షమించాల. వాడు లేడు. వాడి బదులు నేను చేసే పని కాదది. నువ్వు తప్పు చేశావ్. సభలో వాళ్ళు లేదు లేదంటన్నా నువ్వొక్కదానివే చేశానన్నావ్. ఆ మాట కోసమే ఇప్పుడు నీతో మాట్లాడతన్నా, లేకపోతే నీ మొహం చూసేదాన్ని కాదు."

రుజువు ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, ముక్కు తుడుచుకోకుండా.

"ఈ తోటకి వెలుగిచ్చేది బయట మూడో వరస. వాడు తుడిచేవోడు. రేపట్నించి నువ్వు తుడు. ఈ దుమ్ము పోయేదాకా కాదు. నాకు ఓపికున్నంత కాలం, నీకు ఓపికున్నంత కాలం."

"తుడుస్తానత్తా."

"ఊకొట్టటం లేదంటగా? అందరూ చెప్పుకుంటన్నారు." లేచి చేతులు దులుపుకుంది. "రేపు తోడు నేనుంటా."

అప్పుడు నాకు నోరు ఆగలేదు. "నువ్వొద్దు ఎస్తేరూ. ఇంకెవరినైనా..."

"ఏం? నేనూ రేడియో కట్టేస్తాననా?"

కాదు అనలేకపోయాను. మా ఇద్దరిదీ అబద్ధాలు చెప్పుకునే స్నేహం కాదు.

"నాకూ ఉంది ఆ అనుమానం" అంది ఎస్తేరు. "అందుకే నేనే ఉండాల."

ఈరోజు

జంట తలుపు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. కొత్త గొట్టం ఉన్న చొక్కా తొడుక్కుంది రుజువు. మెడ దగ్గర బిగింపుని ఎస్తేరు లాగి చూసింది, ఇంకోసారి లాగి చూసింది. పిల్ల లోపలి తలుపు దాటింది. తర్వాత బయటి తలుపు. కిటికీలో ఎర్రగా దుమ్ము తప్ప ఏమీ కనిపించడం లేదు. దాని ఆకారం రెండడుగుల్లో మాయమైంది.

ఎస్తేరు రేడియో ముందు కూర్చుంది. మాట్లాడటానికి నొక్కే మీట మీద వేలు పెట్టింది. మాట్లాడలేదు.

నేను ఆమె వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ వేలునే చూస్తున్నాను. మట్టి పట్టిన గోరు, కణుపు దగ్గర తాడు కోసిన గీత. రేడియోలో దుమ్ము గర్రుమంటోంది. పిల్ల ఊపిరి వినిపిస్తోంది, లేకపోతే వినిపిస్తోందని నేను అనుకుంటున్నాను.

"నువ్వెందుకు ఇక్కడ?" అంది ఎస్తేరు, వెనక్కి తిరక్కుండానే.

"ఊరికే."

"ఊరికే ఉండే మనిషివి కాదు నువ్వు. ఇంటికి పో."

"ఎస్తేరూ..."

"నువ్వు నా వీపు మీద కళ్ళు పెట్టుకుని నిలబడితే, నేను మాట్టాడినా నీకు భయపడి మాట్టాడినట్టే అవుద్ది. ఆ పిల్లా అట్టాగే అనుకుంటది. నాకూ తేలదు. పో వకుళమ్మా."

పైనుంచి చూసే కళ్ళు లేకపోయినా మనిషి మంచిగా ఉండగలడని వాదించడానికి నా జీవితంలో మంచి భాగం ఖర్చయింది. ఆ వాదంలో నేను ఎవరికీ ఓడిపోలేదు. ఓడిపోని వాదం ఒకటి, అది నిజమని నా ఒక్కగానొక్క మనవరాలి ప్రాణం మీద నమ్మడం ఇంకొకటి. ఇవాళ నేను ఆ గోడకి ఆనుకుని నిలబడి, నేను కాదన్న ఆ కళ్ళ పనే చేస్తున్నాను.

మీట ఇంకా నొక్కలేదు. నేను బయటికొచ్చి తలుపు వేశాను. చెవులు అక్కడే వదిలేసినా, కాళ్ళు మాత్రం ఇంటికి తెచ్చాను.

పప్పు పొయ్యి మీద పెట్టి ఇది రాస్తున్నాను. అలారం మోగలేదు. మోగించాల్సింది ఎస్తేరే గనక, మోగకపోవడంలో ధైర్యం తెచ్చుకోవడానికి ఏమీ లేదు. గాలి ఎలా ఉందో చూడలేదు. నీళ్ళు చూడలేదు. ప్రార్థన చేసేవాళ్ళకి ఇలాంటప్పుడు ఒక పని ఉంటుంది, ఆ మాటకొస్తే అదొక సుఖం. నేను ఉల్లిపాయలు తరిగాను. అక్కర్లేనన్ని తరిగాను.

పప్పు అడుగంటిన వాసన వస్తుండగా వీధి మలుపు దగ్గర ఎస్తేరు గొంతు వినిపించింది. అరిచి అరిచి బొంగురుపోయి ఉంది. ఎవరినో తిడుతూ వస్తోంది.

"మూలలు తుడవలేదేందే? మజ్జన మజ్జన రుద్దితే తుడిచినట్టా?"

"రేపు తుడుస్తానత్తా."

"వాడూ ఇట్టాగే అనేవోడు. ఏనాడూ తుడిచిన పాపాన పోలేదు."